ముందు తాళం తిప్పేవాడు

రామాంజులురెడ్డి బండికి ఎవరు పానా పెట్టినా సరే, పని అయినాక ముందు తాళం తిప్పవలసింది వాళ్ళే. జమ్మలమడుగులోనూ ప్రొద్దుటూరులోనూ ఉన్న మెకానిక్కులందరికీ ఈ కట్టడి తెలుసు. గేరుబాక్సు దింపినా అంతే, వైపరు రబ్బరు మార్చినా అంతే. మెకానిక్కు డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పుతాడు. ఆ సమయానికి రెడ్డి మనుషులకు గోడ అవతల ఏదో పని పడుతుంది. ఇంజను మామూలుగా మోగితే ఆ పని అయిపోతుంది, మళ్ళీ ఇవతలికి వస్తారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. అనడానికేముంది? తొంభైల్లో ఒక పొద్దు ఆ ఇంటి డ్రైవరొకడు తాళం తిప్పి, తిప్పిన చోటే పోయినాడు. అప్పట్నుంచి ఇది ఆచారం.

ఇప్పుడు బాంబులు పోయి బ్యానర్లు వచ్చినాయి. రెడ్డి రెండు పార్టీలు మారినాడు, మూడు బండ్లు మార్చినాడు, పాత మండలాధ్యక్షుడు అనిపించుకుంటూ పెళ్ళిళ్ళకు పోయి అక్షింతలు వేస్తున్నాడు. ఆచారం మాత్రం అలాగే ఉంది.

పాలయ్య ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో ఆటో ఎలక్ట్రీషియను. ఆ ఇంటి బండ్లకు ఇప్పటికి తొమ్మిది సార్లు తాళం తిప్పినాడు. తన చేతి పని మీద తనకు భయం లేదు. కానీ తిప్పిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. ‘వాళ్ళ ప్రాణమే ప్రాణమా, నాది పాతసామాన్ల అంగడిలో దొరికేదా’ అని ఇంటికి పోయి భార్య దగ్గర రంకెలు వేస్తాడు. అరుణకుమారి మిషన్ బళ్ళో చిన్న పిల్లల టీచరు. ఆయన చల్లబడే దాకా విని, “మరి పోకుండా ఉండు” అంటుంది. పోకుండా ఉంటే షెడ్డుకు వచ్చే బండ్లన్నీ ఎవరి మాట వింటాయో ఆమెకూ తెలుసు.

ఎన్నికలకు ఇరవై రోజులుందనగా ఒక సోమవారం, పదింటి వేళ, రెడ్డి తెల్ల స్కార్పియో షెడ్డు ముందు ఆగింది. నడుపుతున్నవాడు లాల్ బాషా. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంటి డ్రైవరు, అరవైకి దగ్గర పడిన మనిషి. పక్కన రెడ్డి అక్క కొడుకు గౌరీశంకర్. బెంగళూరులో చదువుకొని, ఎన్నికలకని వచ్చి, మామ బండ్లూ మామ ఫోన్లూ తానే చూస్తున్నాడు. చేతిలో అట్టపెట్టె.

“రన్నింగ్ ఇండికేటరు కిట్టు. బెంగళూరులో అందరూ ఏపించుకుంటాండారు. నీకు వచ్చునా?”

“పోయిన వారం గూడా ఒకదానికి కట్టినా సార్. సాయంత్రానికి ఇచ్చేస్తా.”

మామూలు ఇండికేటరు ఒకచోటే మిణుకుమంటుంది. ఇది అట్లా కాదు. సన్నటి పట్టీ లోపల పసుపు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి, టపాకాయల సరం అంటుకున్నట్టు, బండి తిరగబోయే పక్కకు పరుగెత్తుతాయి. ఫర్లాంగు దూరం నుంచి కూడా ఎటు తిరుగుతున్నదో తెలిసిపోతుంది.

గౌరీశంకర్ వేరే బండిలో పోయినాడు. లాల్ బాషా మాత్రం ముక్కాలి పీట లాక్కొని పాలయ్యకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. అదీ ఆచారమే. రెడ్డి బండి షెడ్డులో ఉన్నంతసేపూ డ్రైవరు కళ్ళు మెకానిక్కు చేతుల మీద ఉండాలి. టీ వస్తే గ్లాసు వైపు చూడకుండా తాగినాడు.

పాలయ్య ముందు బంపరు ఊడదీసి, హెడ్‌లైట్లు రెండూ బయటికి తీసినాడు. హీట్ గన్నుతో అంచు చుట్టూ వేడి చూపితే లోపలి బంక మెత్తబడింది. అద్దాన్ని అంగుళం అంగుళం విడదీసి, పట్టీని వంపు ప్రకారం అతికించి, మళ్ళీ మూసి బిగించినాడు. వెనక లైట్లలోనూ అట్లాగే పట్టీలు పెట్టి, వాటి వైర్లు కూడా బానెట్టు కిందికే లాక్కొచ్చినాడు. ఇక వైర్లు. నల్లది బాడీకి, తెల్లది పార్కింగు లైటుకు, పసుపుది ఇండికేటరుకు. పాలయ్యకు టేపంటే చిన్నచూపు. టేపు చుట్టేవాడు ఎలక్ట్రీషియను కాదు, కట్లు కట్టే కాంపౌండరు అంటాడు. రాగి పోగుల్ని మెలిపెట్టి, సాల్డరింగు పోసి, పైన సన్నటి రబ్బరు గొట్టం ఎక్కించి వేడి చూపిస్తాడు. అది ముడుచుకొని తోలులా పట్టుకుంటుంది.

“పాలయ్యా, ఇది యాటికప్పా?” అన్నాడు లాల్ బాషా ఉన్నట్టుండి.

“యా పక్కకు తిరుగుతాండావో వెనకోనికి బాగా అగుపడాలని, మామా.”

“అగుపడాల్నా?”

ఆ మాటకు పాలయ్య తలెత్తినాడు. ముసలాయన వేళాకోళం ఆడడం లేదు. పరీక్ష చేయడానికని సీట్లో కూర్చుని ఇండికేటరు కడ్డీ పట్టుకుంటే పాలయ్యకు సంగతి అర్థమైంది. మూడేళ్ళ బండి. స్టీరింగు అరిగింది, గేరు గుండు మీద అంకెలు చెరిగినాయి. ఆ కడ్డీ మీద మాత్రం కంపెనీ మెరుపు ఇంకా పోలేదు.

“ఎప్పుడూ ఏయలేదా మామా?”

“ఇరవై రెండేండ్లు. మలుపు చెప్పి తిప్పినోడు ఇల్లు చేరలేదప్పా మా దిక్కు. ఆఖరి గడియ దాకా నేరుగా పోయేటట్టే పోవాల. ఆనక తిప్పాల. వెనకోడు ‘అరె’ అనేలోగా మనం పల్లెలో ఉండాల.” నోరు తుడుచుకొని, “ఈ పిల్లోడు పక్కన కూచోని ‘ఇండికేటరు ఏయి మామా, ఏయి మామా’ అని సంపుతాండాడు. అది సాలక ఇప్పుడు ఈ తిరునాళ్ళ దీపాలొకటి” అన్నాడు.

పాలయ్య నవ్వినాడు. ఆయన నవ్వలేదు.

ఐదింటికి పని అయింది. లాల్ బాషా పీట తీసుకొని రోడ్డవతలికి పోయినాడు. పాలయ్య తాళం తిప్పినాడు. పదోసారి.

బుధవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. గౌరీశంకర్ గొంతు చాలా మెల్లగా ఉంది. అరిచే వాళ్ళ కంటే మెల్లగా మాట్లాడే వాళ్ళే భయమని ఈ జిల్లాలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

“పొద్దున పులివెందుల మీటింగుకు పోతాంటిమి. మధ్యలో తొండూరు దాటినాక మా పల్లెలోకి కుడికి తిరగాల. నేనే చెయ్యి చాపి ఇండికేటరు ఏసినా. ఏసినా అనుకున్నా. బండి తిరిగేటప్పటికి వెనక లారీ కుడి పక్కనే వచ్చింది. అద్దం ఎగిరిపోయింది. మా మామ కూచున్నే తలుపుకు జానెడు దూరం. దిగి చూస్తే నీ కుడి ఇండికేటరు సచ్చి ఉండాది.”

“సార్, నేను కట్టినప్పుడు బాగనే...”

“ఎడమది బాగుండాది. కుడిదే సచ్చింది. మేము కుడికి తిరిగే పొద్దే సచ్చింది. పోయిన వారం పులివెందుల ఇన్నోవాకు గూడా నువ్వే కట్టినావంట గదా? అది ఎవురిదో తెలియకనే కట్టినావా?”

తెలుసు. అది రెడ్డికి గిట్టనివాళ్ళ బండి. తెలిసీ కట్టినాడు. బండికి పార్టీ ఉంటుందేమో గానీ బ్యాటరీకి ఉంటుందా? పన్నెండు వోల్టులు ఎవరికైనా పన్నెండు వోల్టులే. ఈ మాట ఫోనులో చెప్పేది కాదు గనక పాలయ్య మింగేసినాడు.

“రేపు రా. వచ్చి మా కండ్ల ముందర ఇప్పు” అన్నాడు గౌరీశంకర్.

గురువారం పొద్దున జమ్మలమడుగులో రెడ్డి ఇంటి కాంపౌండులో పదిహేను మంది ఉన్నారు. జెండా కర్రలు కట్టేవాళ్ళు, ఊరికే నిలబడినవాళ్ళు, ఊరికే నిలబడినట్టు నిలబడినవాళ్ళు. రెడ్డి వసారాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. పాలయ్య దండం పెడితే తల మాత్రం ఆడించినాడు.

బానెట్టు ఎత్తగానే గౌరీశంకర్ వేలు పెట్టి చూపించినాడు. “ముందు ఈ డబ్బీ ఏందో చెప్పు.” చిటికెన వేలంత లోహపు డబ్బీ, రెండు వైర్లు. “పట్టుకుంటే కాలుతాండాది.”

“రెసిస్టరు సార్. దీపాలు చిన్నవి, కరెంటు తక్కువ తాగుతాయి. బల్బు పోయిందేమో అనుకోని ఇండికేటరు దడదడ కొట్టుకుంటది. ఇది పెడితే నెమ్మదిగా ఆడుతుంది. మిగిలిన కరెంటు ఇదే తాగి ఏడెక్కుతుంది, అందుకే ప్లాస్టిక్కుకు దూరంగా ఇనుముకు బిగించినా. ఎడమ పక్క గూడా ఉండాది, చూడండి.”

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకడుగు ముందుకు వంగి, రెండడుగులు వెనక్కి పోయినారు.

పాలయ్య కుడి హెడ్‌లైటు వెనక చెయ్యి పెట్టినాడు. వేళ్ళకు మెత్తగా తగిలిందేదో. టేపు. తాను టేపు వాడడు. వైరును కొంచెం కిందికి లాగి చూసినాడు. తన రబ్బరు గొట్టం నిలువునా చీలి ఉంది. దాని లోపల పసుపు వైరు కట్టింగ్ ప్లయరుతో ఒకే దెబ్బకు తెంపి ఉంది. రెండు మొనలూ ఒకదానికొకటి తగలకుండా మడిచి, పైన నల్ల టేపు చుట్టినారు. తెగినట్టు కాదు, ఊడినట్టు కాదు. కోసినారు.

పాలయ్య అలాగే వంగి ఆలోచించినాడు. ‘ఎవరో కోసినారు’ అనే మాట నోరు జారితే, సాయంత్రంలోగా ఈ పదిహేను మందిలో ఎవరిదో ఒకరి చెయ్యి విరుగుతుంది. అది కోసిన చెయ్యే కావాలని రూలేమీ లేదు. పక్కకు చూసినాడు. లాల్ బాషా రోజూలాగే మూరెడు దూరంలో నిలబడినాడు. కానీ ఎప్పుడూ చేతుల మీదనుంచి కదలని ఆ కళ్ళు ఇప్పుడు ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద ఉన్నాయి.

పాలయ్య టేపు విప్పి జేబులో వేసుకున్నాడు. వైరు కలిపి, సాల్డరింగు పోసి, కొత్త గొట్టం ఎక్కించినాడు.

“ఏమైంది?” అన్నాడు గౌరీశంకర్.

“సాల్డరింగు విడిపోయింది సార్. అతుకు సరిగ్గా పడలే. నాదే తప్పు.”

తప్పు తనమీద వేసుకుంటే గొడవ అంతటితో పోతుందని అతని లెక్క. ఎంత తెలివి తక్కువ లెక్క! చేతి పని బాగా చేసేవాడికి, అబద్ధం ఆడడం ఆ మాత్రం కూడా చేతకాదు.

“ఇరవై ఏండ్లుగా నీ చేతిలో విడిపోనిది మా బండికి, మా మలుపులో, లారీ వెనక ఉన్నప్పుడే విడిపాయనా?” గౌరీశంకర్ మామ వైపు చూసినాడు. రెడ్డి పేపరు మడిచినాడు. “సరే. రేపు పొద్దున మీ ఇంటామెను పిలుచుకోని రా. ఆమెను పక్కన కూచోబెట్టుకోని నువ్వే తాళం తిప్పి, తొండూరు మలుపు దాకా పోయి, కుడికి తిరిగి రా. అప్పుడు నమ్ముతాం.”

“ఆమె ఎందుకు సార్? నేను తిప్పుతా గదా...”

“నువ్వు ఎప్పుడూ తిప్పుతాండావులే. నీ ప్రాణం మీద నీకు ఎంత ఇదో మాకేం తెలుసు? పెండ్లాం మీద ఉంటది గదా.”

ఎవడో నవ్వినాడు. పాలయ్యకు ముఖం మీద ఉమ్మినట్టయింది. వసారా వైపు చూసినాడు, పెద్దాయన ఒక్క మాట అంటాడేమోనని. రెడ్డి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

ఇంట్లో సంగతి విని అరుణకుమారి కాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది. తర్వాత, “నువ్వు కట్టిన వైరే గదా. నాకేం భయం? పోదాం. నేను కూచుంటే నీ పేరు నిలబడుతుందంటే నూరు సార్లు కూచుంటా” అన్నది. వైరు కోసిన సంగతి పాలయ్య ఆమెకు చెప్పలేదు. చెబితే రాదని కాదు. చెప్పినా వస్తుంది, అదీ అతని బాధ.

శుక్రవారం ఆమె సగం రోజు సెలవు పెట్టి, ఆదివారం గుడికి కట్టే తెల్లచీర కట్టుకొని బయల్దేరింది. బస్సులో ముప్పావు గంట. పాలయ్యకు ఒకటే ఆలోచన. నిన్న పొద్దున తాను బానెట్టు మూసినప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ బండి ఆ కాంపౌండులోనే ఉంది. ఒకసారి కోసిన చెయ్యి రెండోసారి ఏం చేసివుంటుంది? లాల్ బాషాయే కోసినాడని తనకెట్లా తెలుసు? ట్యాంకు వైపు చూసినంత మాత్రాన? ఒకవేళ ఆయనే అయితే, ఎందుకు కోసినాడు? మలుపు చెప్పడం ఇష్టం లేకనా, ఎవరైనా చెప్పి చేయించినారా? ఎన్నికల కాలం. ఎవరు ఎవర్ని ఎప్పుడు కొన్నారో కొన్నవాడికే తెలియడం లేదు. పదిసార్లు తాళం తిప్పినా ఎన్నడూ రాని చెమట, అప్పుడు బస్సు కిటికీ పక్కన గాలిలో కూర్చున్నవాడికి కారింది. చేసింది తానైతే భయం లేదు. ఇంకెవరో చెయ్యి పెట్టిన బండి ఇది. ఆ ఇంటివాళ్ళకు ముప్పై ఏళ్ళుగా ఉన్న రోగం, అనుమానం, తనకూ అంటుకుంది.

కాంపౌండులోకి పోగానే, “ఒకసారి బానెట్టు ఎత్తి చూస్తా సార్” అన్నాడు.

గౌరీశంకర్ అడ్డం నిలబడినాడు. “నిన్న బాగు చేసినావు గదా. ఇంక చూసేదేముంది? మళ్ళీ చెయ్యి పెట్టేది లేదు. ఎక్కు.”

అరుణకుమారి అప్పటికే పక్క తలుపు తీసి ఎక్కి కూర్చుంది. చీర కొంగు తలుపులో పడకుండా లోపలికి లాక్కొని, సంచి ఒళ్ళో పెట్టుకొని, మొగుడి వైపు చూసి చిన్నగా నవ్వింది. పాలయ్య ఎక్కినాడు. తాళం పెట్టినాడు. కాంపౌండులో అందరికీ గోడ అవతల పనులు పడినాయి. వసారాలో కుర్చీ కూడా ఖాళీ అయింది.

తాళం మీద చెయ్యి ఉంది. తిరగడం లేదు. పక్కన ఆమె గాజులు కదిలిన చప్పుడైంది.

“దిగు” అన్నాడు పాలయ్య.

“ఏంది?”

“దిగు అరుణా. దిగి ఆ పక్కకు పో.”

ఆ మాట గోడ అవతలికి వినిపించింది. మొదట గౌరీశంకర్ వచ్చినాడు. “చూసినావా మామా! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునె. పెండ్లాన్ని దింపుతాండాడు.” పది మంది బండి చుట్టూ మూగినారు. ఒకడు పాలయ్య చొక్కా పట్టుకొని, చేతిలోని తాళంచెవితో సహా కిందికి లాగినాడు. అరుణకుమారి బండి దిగి వచ్చి, ఆ చేతిని విదిలించి కొట్టింది. “తియ్యి చెయ్యి! నోరు లేదా ఆయనకు? చెప్పనీ!”

పాలయ్య మింగలేడు, కక్కలేడు. ఇంక మింగడానికి మాత్రం చోటు లేదు. జేబులోంచి నల్ల టేపు ముక్క తీసినాడు.

“వైరు విడిపోలే సార్. కోసినారు. నిన్ననే చూసినా, చెప్పలే. ఇది నా టేపు కాదు, నేను టేపు వాడను. కోసిన చెయ్యి నా ఎనక మళ్ళా ఏం చేసిందో నాకు తెలియదు. ఆ బండికి నేను పూచీ పడను. ఎవురు కోసినారో వాళ్ళొచ్చి తాళం తిప్పమను.”

పేరు చెప్పలేదు. చెప్పకూడదనే అనుకున్నాడు. కానీ చూపు ఎవరి అదుపులో ఉంటుంది? అది పోయి లాల్ బాషా మీద వాలింది. దాని వెనకే పదిహేను జతల కళ్ళు పోయినాయి.

లాల్ బాషా వచ్చినాడు. ఎవరూ పిలవలేదు. చెయ్యి చాపి, పాలయ్య ఇచ్చిన తాళంచెవి తీసుకొని, సీట్లోకి ఎక్కి, తలుపు వేసుకున్నాడు. జనం మళ్ళీ గోడ చాటుకు పోయినారు. పాలయ్య భార్య రెక్క పట్టుకొని వాళ్ళ వెనకే పోయినాడు. ఆ గోడ అవతల నిలబడడం అతనికి అదే మొదటిసారి.

“బిస్మిల్లా” అన్న మాట వినిపించింది. ఇంజను మోగింది. మామూలుగానే మోగింది. అందరూ ఇవతలికి వచ్చేసరికి కుడి ఇండికేటరు వేసినాడు. పసుపు దీపాలు వరసగా కుడికి పరుగెత్తినాయి, మళ్ళీ పరుగెత్తినాయి.

రెడ్డి మెట్లు దిగి బండి దగ్గరికి పోయినాడు. “నువ్వు కోసినావా బాషా?”

“కోసినా అన్నా. వేరే ఏం జేయలే. ఆ పిల్లోడు ఇండికేటరు ఏస్తాంటే నాకు కాళ్ళు చేతులు ఆడటం లేదు. ఎడమకు తిరిగితే సంతలు, మీటింగులు. కుడికి తిరిగితే మన పల్లె. మన పల్లె దావ వెనకోనికి ఎందుకు చెప్పాల? ఇరవై రెండేండ్లు చెప్పకుండా తిప్పినా గాబట్టే నువ్వు ఉండావు.”

రెడ్డి కళ్ళలో ఏదో మెత్తబడినట్టే కనిపించింది. గౌరీశంకర్ ఆయన చెవి దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేటట్టే అన్నాడు: “ఈ పొద్దు ఇండికేటరు వైరు కోసినోడు రేపు బ్రేకు పైపు కోయడని ఏముంది మామా?”

మెత్తబడింది మళ్ళీ గట్టిపడింది. “తాళం ఆ గోడ మీద పెట్టు బాషా” అన్నాడు రెడ్డి. తర్వాత పాలయ్య వైపు తిరిగి, “నువ్వు పో. నీ తప్పు లేదు” అన్నాడు. అంతే. అరుణకుమారి వైపు చూడనైనా చూడలేదు.

ప్రొద్దుటూరు బస్సు కదలబోతుండగా లాల్ బాషా ఎక్కినాడు. చేతిలో ఒక గుడ్డసంచి. బండిలో ఉండే ఆయన దుప్పటి, నీళ్ళ సీసా అందులోంచి కనిపిస్తున్నాయి. వీళ్ళను చూసి, ముందుకు పోయి కడ్డీ పట్టుకొని నిలబడినాడు. పాలయ్య కిటికీలోంచి బయటికి చూసినాడు. అరుణకుమారి ఊరుకోలేదు.

“అన్నా, ఈడ సోటుండాది, రాండి. యాడికి పోతాండారు?”

“కూతురు దగ్గరికమ్మా. ఖమ్రున్నీసా మోడంపల్లెలో ఉండాది గదా.” ఆమె జరిగి ఇచ్చిన చోట, ఆ మూడో సీట్లో, కూర్చున్నాడు. సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

బస్సు ఊరు దాటింది. పాలయ్య కిటికీలోంచి చూపు ఇవతలికి తిప్పినాడు.

“మామా, నీ పేరు నేను చెప్పలే.”

“చెప్పలేదప్పా. చూసినావు.” ఆయన గొంతులో కోపం లేదు. “పోనీలే. నేనే చెప్పాల్సింది. నిన్న నువ్వు నా తప్పు నెత్తిన ఏసుకుంటివే, అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలే.”

“నువ్వు అట్లాంటి పని చేసే మనిషివి కాదని నాకు తెలుసు మామా. తాళం తిప్పితే ఏం కాదని తెలుసు గాబట్టే నీకు ఇచ్చినా.”

లాల్ బాషా అతని ముఖంలోకి చూసినాడు. పీట మీద కూర్చుని చేతుల్ని చూసినట్టే, రెప్ప వేయకుండా చూసినాడు.

“నీకు తెలుసేమో. నాకేం తెలుసప్పా? నేను కోసింది ఆ ఒక్క వైరే. బండి ఆ కాంపౌండులో రాత్రీ పగలూ నిలబడి ఉండాది. నా ఎనక ఇంకెవురు చెయ్యి పెట్టినారో నాకేం తెలుసు? కండ్లు మూసుకోని తిప్పినా.”

పాలయ్య తల తిప్పుకున్నాడు. తెలుసన్నది అబద్ధం. ఏమీ తెలియదు. తెలియకనే, భయపడే, ఆ తాళం ఇంకొకరి చేతిలో పెట్టి తాను గోడ చాటుకు పోయినాడు.

అరుణకుమారి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు అప్పుడు అర్థమైంది.

“అంటే, ఏమైనా అవుతుందని నన్ను దింపి, ఈయన్ను ఎక్కించినావా?”

“ఊ” అన్నాడు పాలయ్య.